నలభై నోళ్ళు

వార్డు 3వ రోజు

ఈ పుస్తకంలో ఇన్నాళ్ళూ గాలి వడపోత గుడ్డలు ఎప్పుడు ఉతికానో, గోంగూర ట్రేకి ఎన్ని గరిటెల నీళ్ళు పోశానో రాసుకుంటూ వచ్చాను. ఇవాళ్టి నుంచి కక్ష రాసుకుంటాను. డెబ్భై రెండేళ్ళ మనిషికి కక్షలేమిటని ఎవరికైనా అనిపిస్తే ఇక్కడే మూసెయ్యొచ్చు. వయసొస్తే కక్షలు తగ్గుతాయని ఎవరు పుట్టించారో గాని, నాకు మోకాళ్ళు తగ్గాయి, చూపు తగ్గింది, కక్షకి మాత్రం బోలెడు తీరిక దొరికింది.

వరహాలుని వార్డులో చేర్చి మూడు రోజులైంది. ధూళి ఊపిరి. ఈ ఎర్రగ్రహం మీద బయటపని చేసినవాళ్ళకి చివరికి వచ్చేది అదే. గుడారాలకీ గొట్టాలకీ అతుకులు వేస్తూ ముప్పై మూడేళ్ళు బయట తిరిగింది. ఎంత మంచి తొడుగు వేసుకున్నా మెడ దగ్గర మడతలో ధూళి ఇంటికొచ్చేది. నేను తడిగుడ్డతో తుడిచేదాన్ని. తుడిచినంత తుడిచాను, మిగిలింది లోపలికి పోయింది.

కుడి ఊపిరితిత్తిలో కింది ముక్క కోసి తీసేస్తే ఇంకో పదేళ్ళు బతుకుతుందని డాక్టరమ్మ అంది. కోశాక మూడు రోజులు సొంతమనిషి ఒకరు పక్కన కూర్చుని ఊపిర్లు లెక్కపెట్టాలి. ఊరు మొత్తానికి నర్సులు నలుగురే. అందుకని సొంతమనిషి లేనివాళ్ళని కొయ్యరు. ఇరవయ్యో రోజున బండి వస్తుంది, అందులో ఎక్కించి ఉత్తర సొరంగంలోని ఒంటరి గృహానికి పంపేస్తారు. అక్కడి నుంచి కబుర్లు వస్తాయి. మనుషులు రారు.

"నేనున్నాను కదా" అన్నాను. డాక్టరమ్మ వార్డు తలుపు వైపు చూసింది.

మా ఊళ్ళో తలుపులన్నీ ఒకే యంత్రం చేతిలో ఉంటాయి. దాన్ని అందరం పెద్ద గుమస్తా అంటాం. సొంతవాళ్ళు వస్తే ఏ వేళైనా తలుపు తీస్తుంది. నన్ను చూసి ఇలా పలికింది:

"నూకరత్నం. వరహాలుకి తెలిసినవారు. మంగళవారం రండి. అరగంట."

నలభై నాలుగేళ్ళుగా ఒకే కంచంలో తిన్న మనిషికి నేను తెలిసినదాన్నట. ఇంకా ఒళ్ళు మండే సంగతేమిటంటే, ఆ గుమస్తాకి మాటలు నేర్పింది నేనే.

వార్డు 4వ రోజు

గుమస్తాకి మాటలు మేపడం నా ఉద్యోగం. తొలినాళ్ళలో దానికి పుస్తకాల తెలుగే వచ్చు. "ద్వారము తెరువబడుచున్నది, తొలగుడు" అనేది. జనం నవ్వుతూ నిలబడిపోతే ఆ తలుపు మధ్యలో ఇద్దరి కాళ్ళు నలిగాయి. అప్పుడు, బాగా వాగే మనిషి ఎవరైనా ఉంటే చూడండని వెతికి నన్ను పెట్టారు. నేను బడికి వెళ్ళింది లేదు. యంత్రాల మీద అంటించిన కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. వినికిడి పెట్టె భుజాన వేసుకుని క్యాంటీన్లో, స్నానాల వరసలో, గొట్టాల షెడ్డులో కూర్చుని, జనం మాట్లాడుకునేది పట్టుకొచ్చి గుమస్తాకి పెట్టడమే పని.

నియమం ఒక్కటే. ఏ మాటైనా నలభై వేరువేరు నోళ్ళ నుంచి రావాలి, వాళ్ళంతట వాళ్ళు మామూలుగా మాట్లాడుకుంటుండగా రావాలి. చెప్పించిన మాట చెల్లదు. గొంతునిబట్టి పట్టేస్తుంది.

ఒకసారి ఏమైందంటే, క్యాంటీన్లో కొత్తగా ఒక బూడిదరంగు పిండిముద్ద మొదలుపెట్టారు. కాగితాల్లో దాని పేరు చాలా గొప్పగా ఉంది. జనం బంకమన్ను అన్నారు. ఒక్క పూటలోనే నలభై నోళ్ళు నిండిపోయాయి. ఇప్పటికీ క్యాంటీన్ తెర మీద "ఇవాళ్టి ఫలహారం: బంకమన్ను" అని వస్తుంది. వంటవాళ్ళు నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. సరే, ఎక్కడున్నాం?

పొత్తు. ఆ మాట గురించి రాద్దామని కూర్చున్నాను.

బయటపనికి ఇద్దరిద్దరే వెళ్ళాలి. ఇద్దరి తొడుగులకీ మధ్య ఒక గొట్టం ఉంటుంది. ఒకరి సీసాలో గాలి అయిపోతే రెండోవాళ్ళు తమది పంచాలి. పంచితే ఇద్దరికీ సగమే, ఇద్దరూ పోవచ్చు. అందుకని ఎవరికి పంచుతావో నువ్వే ఎంచుకోవాలి, అదీ ఒక్కరినే. ఆ మనిషిని పొత్తు అంటారు. కలిసి కాపురం చేసే ఆడవాళ్ళం ఆ మాటని బయటి నుంచి తెచ్చుకుని ఇంట్లో పెట్టుకున్నాం. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట దానికి నలభై నోళ్ళు పోగేసి గుమస్తాకి పెట్టాను. ఎనిమిది నెలలపాటు ఊళ్ళో ప్రతి తలుపూ నన్ను చూసి "వరహాలు పొత్తు" అంది. తర్వాత దాన్ని నా చేత్తోనే తీసేశాను.

ఎవరు తీయించారో రేపు రాస్తాను. ఇవాళ పుస్తకం మూసేస్తున్నాను. నిద్రొచ్చి మాత్రం కాదు.

వార్డు 5వ రోజు

తీయించినాయన పేరు దామోదరం. ఇప్పుడు వార్డుల అధికారి. పొద్దున్నే ఆయన గదికి వెళ్ళాను.

"రండి నూకరత్నంగారూ, కూర్చోండి. వరహాలుగారికి ఎలా ఉంది?"

"తలుపు చెప్పడం లేదు."

నవ్వాడు. మనిషి మర్యాదస్తుడు. మర్యాదస్తుల దగ్గర గట్టిగా అరవడానికి కూడా వీలుండదు, అదొక ఇబ్బంది.

"తలుపుకి తెలిసిన మాటల్లో మీరు ఏదో ఒకటి అవ్వాలి కదమ్మా. భార్య, భర్త, తల్లి, కూతురు, చెల్లెలు. మీరిద్దరూ స్నేహితురాళ్ళు. అందులో చిన్నతనం ఏముంది? ఎంత మంచి మాట!"

"మాట మంచిదే. తలుపే తెరుచుకోదు. పొత్తు మళ్ళీ పెట్టించండి."

"అది వాడుకలో లేదని నొక్కింది మీరే కదా. రికార్డులో మీ బొటనవేలి ముద్ర ఉంది."

ఉంది. అప్పుడు ఈయనకి ఇరవై ఏడేళ్ళు, కొత్తగా వచ్చిన ఆఫీసరు. ఒక మాటని మూలన పడేసే మీట నా యంత్రానికే ఉంటుందని, అది నా వేలికే పలుకుతుందని నాకు నేర్పింది ఆయనే. నా వెనక నిలబడి, "నొక్కకపోతే వరహాలుని ఉత్తర సొరంగం పనికి వెయ్యాల్సొస్తుందండీ, నా చేతుల్లో లేదు" అన్నాడు. ఇంతే మర్యాదగా అన్నాడు. నొక్కాను. ఆ సాయంత్రం వరహాలు ఇంటికొస్తే తలుపు దాన్ని నాకు తెలిసినావిడ అంది. అప్పటి నుంచి అద్దెకున్నదాన్నని రాయించుకుని లోపలికొచ్చేది. వరహాలు నన్ను ఒక్క మాటనలేదు. అంటే బాగుండేది.

"మళ్ళీ నలభై నోళ్ళు పోగేస్తాను" అన్నాను.

"అయ్యో, మీ సొంత వ్యవహారానికి మీరే మాటలు పోగెయ్యకూడదు కదమ్మా" అంటూ నా భుజం మీద నుంచి వినికిడి పెట్టె తీసి, జాగ్రత్తగా తన బల్ల మీద పెట్టుకున్నాడు. "వారం పదిరోజులు విశ్రాంతి తీసుకోండి."

పదిహేను రోజుల్లో బండి వస్తుంది.

వార్డు 7వ రోజు, మంగళవారం

అరగంట దొరికింది. వరహాలు ముక్కుకి గొట్టాలు పెట్టుకుని దిండ్లకి ఆనుకుని ఉంది.

"ఏటే నూకీ, మొకం అలాగెట్టావు? నానేటి సచ్చిపోనానా?"

"ఇంకా లేదు. ఏం తిన్నావు?"

"బంకమన్ను." నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక అంది, "ఒలే, నర్సు ఒక గడి సూపించింది. 'మీ గురించి మీరు' అని ఉంటాదట, ఎవులూ నింపరట. లెస్బియన్ అని రాయమన్నాను."

కుర్చీ ముందుకి లాక్కున్నాను. "అదెక్కడి మాట? మనకంటూ ఒక మాట ఉంది కదా!"

"పొత్తు నీకూ నాకూ మద్దెనున్న మాట. నువ్వుంటేనే ఉంటాది. నువ్వు రాకముందు నానేటి? పద్నాలుగేళ్ళప్పుడు గొట్టాల షెడ్డులో సుగుణ ఎనకాల తిరిగినప్పుడు నానేటి? రేపు బండెక్కించి ఉత్తరానికి తోలేస్తే అక్కడ నానేటి? తలుపు మీద ఒంటరి అని రాస్తారు. నాకు నాదంటూ ఒకటుండాల. నువ్వున్నా లేకపోయినా ఉండాల."

"సుగుణ ఎవరు?"

"అరగంటలో అదేనేటే నీకు కావలసింది?"

అరగంట అయిందని తలుపు పిలిచేసింది. దారంతా సుగుణ గురించే ఆలోచిస్తూ ఇంటికొచ్చాను. నలభై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పేరు ఎత్తలేదు ముండ.

వార్డు 8వ రోజు

నా తర్వాత ఈ పనికి వచ్చే పిల్ల పేరు మేఘమాల. ఇరవై ఆరేళ్ళు. కొత్త సంవత్సరంలో బొటనవేలి ముద్ర దాని పేరుకి మారుస్తారు. అప్పటిదాకా నా దగ్గర నేర్చుకుంటోంది కాబట్టి, విశ్రాంతి తీసుకోమన్నా యంత్రం గదికి వెళ్ళాను. వరహాలు గడిలో ఏం రాయించుకుందో చెబితే చప్పట్లు కొట్టింది.

"నేనూ లెస్బియన్‌నే కదా అమ్మమ్మా!"

"తెలుసులే. చొక్కా మీద కుట్టుకుని మరీ ఊరంతా తిరిగావు."

"మరి మీరెందుకు అనుకోరు?"

ఎందుకంటే, నలభై ఏళ్ళుగా ఈ మాటల్ని గడుల్లో సర్దే పని చేశాను కాబట్టి. ఎంత ముద్దొచ్చే మాటైనా గడిలో పెట్టగానే దానికొక తలుపు వస్తుంది. తలుపు రాగానే దానికొక దామోదరం వస్తాడు. అందుకే నా గడి డెబ్భై రెండేళ్ళుగా ఖాళీ. అదే చెప్పాను, కొంచెం గొప్పగానే చెప్పాను.

మేఘమాల కాసేపు గోరు కొరుక్కుంది. "ఖాళీగా వదిలేస్తే ఖాళీగా ఉంచరు కదా అమ్మమ్మా. వాళ్ళే నింపుకుంటారు. మిమ్మల్ని 'తెలిసినవారు' అని నింపలేదూ?"

నేను యంత్రం తుడవడం మొదలుపెట్టాను. అది పక్కకి వంగి, "ఈ చివరి మీట ఏమిటి? దీని మీద దుమ్ము కూడా చెదరలేదు" అంది.

తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టాను.

దామోదరం నా పెట్టె తీసుకున్నాడు. కొత్త మాటలు పెట్టకుండా ఆపాడు. ఉన్న మాటలు తీసేసే మీట ఇంకా నా చేతిలోనే ఉందన్న సంగతి ఆయనకి తట్టనే లేదు. ఎలా తడుతుంది? ఆ మీట వల్ల ఆయన ఏ తలుపు బయటా నిలబడలేదు కదా.

"అదా," అన్నాను, "రేపు చూపిస్తాను."

వార్డు 9వ రోజు

పొద్దున తలస్నానం చేసి, ఇస్త్రీ జాకెట్టు వేసుకుని పనికి వెళ్ళాను. ఇలాంటివి శుభ్రంగా చెయ్యాలి.

భర్త. భార్య. మొగుడు. పెళ్ళాం. ఇంటాయన. ఇంటావిడ. మా ఆయన. మా ఆవిడ. ఆలుమగలు. ఒక్కొక్కటే తెర మీదికి పిలిచి, "వాడుకలో లేదు" అని బొటనవేలు పెట్టాను. శ్రీమతి దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఆ మాటంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. నొక్కేశాను.

తల్లులకీ పిల్లలకీ అక్కచెల్లెళ్ళకీ చెందిన మాట ఒక్కటీ ముట్టుకోలేదు. పసిబిడ్డ దగ్గరికి తల్లి వెళ్ళకుండా చేసేంత పాపిష్టిదాన్ని కాను. ప్రాణం మీదికి వచ్చిన వాళ్ళెవరైనా వార్డులో ఉన్నారా అని మేఘమాలని పంపి ముందే కనుక్కున్నాను. లేరు, నా మనిషి తప్ప.

మూలన పడ్డ మాటని నలభై రోజుల్లోపైతే నా వేలితోనే మళ్ళీ పైకి తేవచ్చు. అది దాటితే నలభై నోళ్ళు కావాల్సిందే.

వార్డు 10వ రోజు

నిన్న మధ్యాహ్నం డ్యూటీ దిగిన మగవాళ్ళు ఇళ్ళకి వెళ్తే తలుపులు తియ్యలేదట. "లోపలివారికి తెలిసినవారు. మంగళవారం రండి." మా వరసలో ఒకాయన తన తలుపుతో గంటసేపు వాదించాడు. ఆయన భార్య లోపలి నుంచి, "మనకి పెళ్ళయిందని చెప్పవయ్యా దానికి!" అని అరుస్తోంది. "చెప్పానే! ఎవరితో అని అడుగుతోంది!"

భార్యల పనీ అంతే. పక్కింటి రాజేశ్వరి ఇవాళ బయటికొస్తే తన ఇంటి తలుపు మళ్ళీ తియ్యక, మా ఇంట్లో పులుసు తాగి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "నిన్న మధ్యాహ్నం హాయిగా పడుకున్నానక్కా, ముప్పై ఏళ్ళలో మొదటిసారి" అంది. అది నేను అనుకున్న ఫలితం కాదు. అయినా రాసి పెడుతున్నాను.

వార్డు 12వ రోజు

దామోదరం భార్య కౌసల్యకి కడుపులో రాళ్ళు. వార్డులో చేర్చారు. వాళ్ళ అమ్మాయి సంతకం పెట్టి పక్కన కూర్చుంది. రేపు కోత. మధ్యాహ్నం దామోదరం వార్డుకి వెళ్ళాడు. మేఘమాల అక్కడే ఉంది, కళ్ళకి కట్టినట్టు చెప్పింది. బట్టలు సర్దుకున్నాడట. గొంతు సవరించుకున్నాడట. తలుపు, "దామోదరం. కౌసల్యకి తెలిసినవారు" అందట.

ఇలాంటి మాట విన్నప్పుడు మంచివాళ్ళయితే జాలిపడతారు. నేను గోంగూర కోసి పచ్చడి నూరుకున్నాను. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

వార్డు 14వ రోజు, మంగళవారం

నా అరగంటా ఆయన అరగంటా ఒకేసారి వచ్చాయి. ఇద్దరం తలుపు ముందు వరసలో నిలబడ్డాం. ఆయనకి కారణం తెలిసిపోయింది. నా వైపు చూసి, "మీరు ఇంత పని చేస్తారనుకోలేదు" అన్నాడు.

"మీట ఎలా నొక్కాలో మీరు చూపించిందే కదండీ" అన్నాను, మర్యాదగా.

లోపల వరహాలు నన్ను చూడగానే గొంతు తగ్గించి తిట్టింది. "పక్కమంచం ఆవిడ నీకేటి సేసిందే? నిన్న కోత కోయించుకుంది. నీ పగకి ఆవిడెందుకు ఒంటిగా పడుండాల?"

"అమ్మాయి ఉంది కదా."

"ఉంటే సరిపోద్దా? నీకైతే సరిపోద్దా?"

మంచాల మధ్య తెర పక్కకి జరిపి చూశాను. కౌసల్య కళ్ళు తెరిచే ఉంది. దామోదరం ఆమె తలదగ్గర నిలబడి, ఇంట్లో ఏ సీసా ఎక్కడుందో కనపడటం లేదని చెబుతున్నాడు. ఆయన వెళ్ళాక నేను దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఇదంతా..." అని మొదలుపెట్టాను.

"ఎవరు చేశారో నాకు తెలుసండీ" అంది. మొహం అటు తిప్పుకుంది.

నాకు సిగ్గేసింది. సిగ్గు వెయ్యడం వేరు, మానుకోవడం వేరు. వరహాలు ఇవాళ నడుం ఎత్తలేకపోయింది. బండికి ఆరు రోజులు.

వార్డు 15వ రోజు

దామోదరం మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇచ్చాను. మా కాఫీ వేయించిన చిక్కుడు గింజల కషాయం. ఇంటికొచ్చిన శత్రువుకి కూడా ఇవ్వాలి, ఇస్తే ఎలాగూ కక్ష తీరుతుంది.

"ఆ మాటలు మళ్ళీ పెట్టండి. ఊరంతా మొత్తుకుంటోంది. మీ మీద విచారణ వేయించగలను."

"వేయించండి. విచారణకి నెల పడుతుంది. అప్పటికి నలభై రోజులు దగ్గరపడతాయి. నా వేలు కూడా ముసలిది, మధ్యలో ఏమైనా కావచ్చు."

"ఏం కావాలి మీకు?"

"పొత్తు కావాలి. నా సొంత వ్యవహారానికి నేను పోగెయ్యకూడదన్నారు కదా, ఎంత న్యాయమైన మాట! మీరే పోగెయ్యండి. పెట్టె మీ దగ్గరే ఉంది. నలభై నోళ్ళు."

"నేనా? ఆ పెట్టె వేసుకుని? క్యాంటీన్లోనా?"

"స్నానాల వరసలో బాగా మాట్లాడతారు. పొద్దున్నే వెళ్ళండి."

గ్లాసు కింద పెట్టేశాడు. "ఇది కక్షండీ" అన్నాడు, ఏదో కొత్తగా కనిపెట్టినట్టు.

"అవునండీ" అన్నాను.

వార్డు 17వ రోజు

నేను పని దగ్గర కూర్చుని తెర మీద లెక్క చూస్తున్నాను. మొన్న సాయంత్రం క్యాంటీన్లో ఒక్క నోరూ లేదు. అధికారి పెట్టె భుజాన వేసుకుని పక్కన కూర్చుంటే ఎవరు మాట్లాడతారు? అందరూ బంకమన్ను కేసి చూస్తూ తిన్నారట. నిన్న ఆయన "మన నూకరత్నంగారిని, వరహాలుగారిని మీరేమంటారు?" అని ఒక్కొక్కరినీ అడిగాడు. "మంచివాళ్ళంటాం" అన్నారు. గొట్టాల షెడ్డులో ఒకడు, "ఏమనాలో మీరే చెప్పండి సార్, అదే అంటాం" అన్నాడు. చెప్పించిన మాట చెల్లదు.

ఇవాళ మధ్యాహ్నం ఆయనకి విసుగొచ్చి బయటపని వాళ్ళ గదిలో ఒక మూల బల్ల మీద కూలబడ్డాడట. ఎవరో జాలిపడి కషాయం ఇచ్చారు. ఆయన ఇల్లు ఎలా ఉందో, కూర ఎలా మాడిందో, తలుపు తనని ఏమందో చెప్పుకున్నాడు. అప్పుడు మాట్లాడారు జనం. "మా పిన్నికీ ఇలాగే అయింది సార్, వాళ్ళ పొత్తు పోయినప్పుడు చూడనివ్వలేదు." "మా కిందింటి ఇద్దరూ పొత్తే, పిల్లని పెంచారు." "నూకమ్మ పొత్తు వేసిన అతుకే సార్ మీ ఇంటి పైకప్పు." నా యంత్రం టకటకలాడింది. పదకొండు. ఇరవై. ముప్పై మూడు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరూ ఆ మాట మానలేదు. పెట్టె భుజాన ఉన్న నేను కనపడగానే ఆపేసేవారు, అంతే. తీసిన మనిషిని కదా.

కాసేపు తెర సరిగ్గా కనపడలేదు.

వార్డు 18వ రోజు

పొద్దుటికి ముప్పై తొమ్మిది. అక్కడ ఆగింది. మాట్లాడేవాళ్ళంతా మాట్లాడేశారు, మిగిలినవాళ్ళకి ఆ అలవాటు లేదు. సాయంత్రం నాలుగింటికి డాక్టరమ్మ కబురు పంపింది: ఇవాళ కొయ్యకపోతే ఇంక కొయ్యలేను, తర్వాత ఊపిరి నిలబడదు.

దామోదరం మా గదిలోకి దూసుకొచ్చాడు. జుట్టు చెదిరింది, పెట్టె పట్టీ భుజం కోసేసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన గొంతు పెంచడం మొదటిసారి విన్నాను.

"చాలా? తృప్తిగా ఉందా? మూడు రోజులు ఊరంతా తిప్పారు! స్నానాల దగ్గర కూర్చోబెట్టారు! మీరూ మీ పొత్తూ కలిసి నా కొంప ముంచారు కదా!"

భుజం మీద పెట్టె చిన్నగా మోగింది.

ఆయన నోరు తెరిచే ఉంది. మేఘమాల గబుక్కున తెర చూసి, "నలభై!" అని అరిచింది. ఎవరూ చెప్పించని మాట, మామూలుగా, కడుపులోంచి వచ్చిన మాట. ఈ ఉద్యోగంలో అంతకంటే శుభ్రమైన నోరు నాకు దొరకలేదు.

నా మోకాళ్ళతో నేను పరిగెత్తగలనని నాకే తెలియదు. వార్డు తలుపు నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. "నూకరత్నం. వరహాలు పొత్తు. లోపలికి రండి." తర్వాత ఇంకో మాట అడిగింది. "మీ గురించి మీరు అన్న గడి ఖాళీగా ఉంది. వదిలెయ్యమంటారా?"

వదిలెయ్యమనబోయాను. లోపల మంచం చక్రాలు కదిలిన చప్పుడు వినిపించింది, వరహాలుని తీసుకెళ్తున్నారు. దాని గడిలో ఏముందో నా గడిలోనూ అదే చెప్పాను. నోటితో పైకి అనడం ఇదే మొదలు. కొత్త చెప్పుల్లా కరుస్తోంది ఆ మాట. విప్పలేదు మాత్రం.

వార్డు 21వ రోజు

మూడు రోజులు లెక్కపెట్టాను. నిమిషానికి పద్దెనిమిది, ఇరవై, ఒకసారి పదకొండు. ఆ పదకొండు దగ్గర నేను ఏం మొక్కుకున్నానో రాయను. ఇవాళ పొద్దున పదహారు దగ్గర నిలబడింది. బండి నిన్న వచ్చి, ఖాళీగా పోయింది.

వరహాలు కళ్ళు తెరిచి మొదట అడిగింది నీళ్ళు కాదు. "గడి నింపావట కదే. కోతకి ముందే డాక్టరమ్మ సెప్పింది."

"ముందు సుగుణ సంగతి చెప్పు."

"కుట్లు పిగిలిపోతాయి, నవ్వించకే."

పదింటికి దామోదరం వార్డు తలుపు దగ్గరికి వచ్చాడు. నేను ఇంకా ఆ మాటలు పైకి తేలేదు. మూడు రోజులుగా ఈ కుర్చీ వదిలితే కదా. తలుపు అద్దంలోంచి నన్ను చూసి చేతులు జోడించాడు. మర్యాద మళ్ళీ వచ్చేసింది. నాకు జాలి వేసిందంటే అబద్ధం. కానీ పక్కమంచం ఆవిడ కోసం లేచాను.

ఈలోగా తలుపే ఒక దారి వెతుక్కుంది. కొత్తగా వచ్చిన మాట కదా, అందరికీ పెట్టి చూస్తోంది.

"దామోదరం వచ్చారు" అంది, వార్డంతా వినపడేలా. "కౌసల్యగారూ, ఈయన మీ పొత్తా?"

దామోదరం మొహం వెలిగింది. అద్దానికి దగ్గరగా వచ్చాడు. కౌసల్య దిండు మీద తల తిప్పి ఆయన్ని చూసింది. చాలాసేపే చూసింది. ఒకరి సీసాలో గాలి అయిపోతే ఏం చెయ్యాలో ఈ ఊళ్ళో పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్కో ఏడూ ఆవిడ కళ్ళ ముందు నడిచి వెళ్ళినట్టుంది.

"కాదండీ" అంది తలుపుతో. "తెలిసినాయన."

వరహాలు పొట్ట పట్టుకుంది, నవ్వు ఆపుకోలేక. అద్దం అవతల మనిషి అలాగే నిలబడ్డాడు, మాట ఇంకా చెవిలోకి దిగనట్టు.

నేను కౌసల్య మంచం దగ్గరికి వెళ్ళాను. "అమ్మా, ఇప్పుడే వెళ్ళి ఆ మాటలన్నీ పెట్టేస్తాను. రెండు నిమిషాల పని."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తొందరేముందండీ? నా కుట్లు విప్పేదాకా ఉండనివ్వండి."